రెండు నంబర్ల మధ్య నా కూలి

షాద్‌నగర్ నుంచి కొత్తూరు, నందిగామ వైపు షిఫ్టులకు పోయేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుణ్ని. నెలనెలా జీతంలో నూటికి 75 పైసలు ఈఎస్ఐ కింద కోసేవాళ్లు. మరో 3.25 శాతం యాజమాన్యం కట్టాలి.

ఫిబ్రవరిలో తెమడ పరీక్ష చేస్తే టీబీ అన్నారు. సర్కారు మందులు ఉచితం. తిండికని నెలకు 500 వచ్చేవి. ఇంటి కిరాయి, పిల్లల ఫీజు మాత్రం నా కూలి మీదే. ఈఎస్ఐ డాక్టరు విశ్రాంతి సర్టిఫికెట్ రాసిచ్చాడు. జబ్బు పడితే 91 రోజుల వరకు సగటు కూలిలో 70 శాతం ఇస్తారు. రోజుకు 400 కూలి నాది. 280 వస్తే ఇల్లు గడుస్తుంది అనుకున్నాం.

ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో కంప్యూటర్ చూసి, "నీకు రాదయ్యా, 78 రోజులు లేవు" అన్నారు.

జనవరి, జూన్ మధ్య జబ్బు పడితే, అంతకుముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 78 రోజులకు చందా పడి ఉండాలి. ఆ ఆరు నెలలూ నేను పనికి పోయిన. అయితే జూన్ ఆఖరులో కాంట్రాక్టరు మారాడు. గేటు అదే, మిషను అదే. కొత్తాయన నా పాత నంబరు అడగకుండా కొత్త ఈఎస్ఐ నంబరు తీయించాడు. రోజులు రెండు ముక్కలైనయి. నాగాలు పోను ఏ ముక్కలోనూ 78 నిండలేదు. నా జబ్బును ఎవరూ కాదనలేదు, సర్టిఫికెట్ ఉంది. పని చేసినట్టు రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

పాత కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. కొత్తాయన "నాకేం సంబంధం" అన్నాడు. మెట్లెక్కితే ఆయాసం వచ్చే రోజులవి. యూనియన్ పెద్దాయన ఒకరు చెప్పాడు: "తమ్మీ, ఎందుకు రాదో కాయితం మీద రాయించుకో. నోటి మాట మీద కొట్లాడలేం."

రాయించుకున్న. జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, రెండు నంబర్ల చీటీలు, ఆధార్ జత చేసి, రెండు నంబర్లూ నావే, కలపండి అని దరఖాస్తు పెట్టిన. కాంట్రాక్టు కార్మికులకైనా చందా కట్టే బాధ్యత మొదట అసలు యజమానిదేనని అప్పటి 1948 ఈఎస్ఐ చట్టం 40వ సెక్షన్ చెప్పేది. అది చూపించి అడిగితే ఫ్యాక్టరీ హెచ్ఆర్ వాళ్లు నా హాజరు లెక్క రాసిచ్చారు. అప్పటికీ పని కాకపోతే ఈఎస్ఐ కోర్టుకు పోదామనుకున్నాం. అక్కడ వకీలుకు బదులు రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి కూడా వాదించొచ్చు.

కోర్టు దాకా పోలేదు. కాయితాలు హైదరాబాద్ పోయి వచ్చినంక నంబర్లు ఒక్కటైనయి. మొదటి రెండు రోజులు నియమం ప్రకారం తీసేసి, మిగతా పైసలు ఖాతాలో పడ్డయి.

అప్పటికే నేను మళ్లీ పనిలో చేరిన. ఆ నెలల్లో ఇల్లు నడిచింది మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు మీద. వచ్చిన పైసల్లో చాలావరకు ఆ అప్పుకే పోయింది. ఆలస్యమైనందుకు నాకు మిత్తి ఎవరూ కట్టియ్యలేదు. రెండో నంబరు తీసిన కాంట్రాక్టరు ఒక్క రూపాయీ పోగొట్టుకోలేదు.