సమాధానం

మా ఇంట్లో ఒకే మేకుకు రెండు క్యాలెండర్లు ఉండేవి. పైన ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన లక్ష్మీదేవి క్యాలెండరు. దాని వెనక, అమ్మ ఒంగోలు నుంచి తెప్పించుకున్న వాగ్దాన వాక్యాల క్యాలెండరు. తెల్లవారుజామున నాయన పైదాన్ని ఎత్తి పట్టుకుంటే అమ్మ ఆ రోజు వాక్యం గొంతు తగ్గించి చదివేది. ఆమేన్ అనగానే నాయన చెయ్యి దించేవాడు. మళ్ళీ లక్ష్మీదేవి కనబడేది.

1878 జులై 3న గుండ్లకమ్మలో, వెలుంపిల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు కాలం. ఎక్కువమంది మాదిగలు. వాళ్ళలో మా నాయన ముత్తాత ఉన్నాడని మా నాయనమ్మ చెప్పేది. అంత పాత విశ్వాసుల ఇంట్లో వాక్యం క్యాలెండరు చాటున ఎందుకు ఉండాలని చిన్నప్పుడు నాకు కోపం వచ్చేది.

కారణం నాయన ఉద్యోగం. ఎస్సీ కోటాలో వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్న మాదిగను మన ప్రభుత్వ లెక్కల్లో బీసీ-సిలో వేస్తారు. ఊళ్ళో మాత్రం అతను మాదిగే. నా చిన్నప్పుడు టీకొట్టులో గ్లాసు వేరు, ఉండే పల్లె వేరు. కాగితం మారితే కులం పోతుందని రాసినవాళ్ళు మా పల్లెకు ఎన్నడూ రాలేదనే నేను నమ్ముతాను.

నాకు పదకొండేళ్ళప్పుడు నాయన మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. విచారణకు ఒకాయన ఇంటికొచ్చాడు. అమ్మ ముందే గోడమీది సిలువ తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. సిలువ ఉన్నచోట సున్నం తెల్లగా కనబడుతుంటే నన్ను అక్కడ నిలబడమంది. నా తల సరిగ్గా ఆ మచ్చకు అడ్డం వచ్చింది. "మీరు చర్చికి వెళ్తారా?" అని అడిగాడాయన. "వెళ్ళనండీ" అన్నాడు నాయన. కాఫీ తాగి ఆయన వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాయన అన్నం ముట్టలేదు. రిటైరయ్యాక ధైర్యంగా మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టాడు గానీ చివరి వరసలోనే కూర్చునేవాడు. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం వరసవెంట వస్తుంటే లేచి బయటికి పోయేవాడు. "నేను పేతురునమ్మా, యేసును ఎరగనన్నవాణ్ణి" అన్నాడొకసారి. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

నేను నాగసాకి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఓడల డిజైన్ ఆఫీసులో ఉద్యోగం. నా గదికి దగ్గర్లో ఉరకామి చర్చి ఉంది. మేం బాప్టిస్టులం, అది కాథలిక్కులది. అయినా పరాయి ఊళ్ళో గంట వినబడితే కాళ్ళు అటే పోతాయి. ఈ ఊళ్ళో జరిగింది అక్కడికి వచ్చేవాళ్ళ నోట కొంత, పుస్తకాల్లో కొంత తెలుసుకున్నాను.

1614లో జపాన్ అంతటా క్రైస్తవాన్ని నిషేధించారు. తర్వాత నాగసాకిలో ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో జనాన్ని పిలిచి, క్రీస్తు బొమ్మో మరియమ్మ బొమ్మో ఉన్న పలకను తొక్కమనేవారు. ఫుమిఎ అంటారు దాన్ని. ఒక మ్యూజియంలో దాని నమూనా చూశాను. అరచేతికన్నా కొంచెం పెద్దది. ఎన్ని పాదాలు పడ్డాయో, ముఖం నున్నగా అరిగి కళ్ళూ ముక్కూ ఆనవాలు లేవు. తొక్కనివాళ్ళకు చిత్రహింసలు, చావు. ఇంటిల్లిపాదీ ఏదో ఒక బౌద్ధ గుడి లెక్కలో పేరు రాయించుకోవాలి. కాగితం మీద ఒకటి, ఇంట్లో ఒకటి. చదువుతుంటే మా గోడమీది మేకే గుర్తొచ్చింది.

1644లో చివరి పాదిరీని చంపేశాక చాటుగా విశ్వాసం నిలుపుకున్నవాళ్ళకు రెండు వందల ఏళ్ళకు పైగా పాదిరీ లేడు. సోతోమె పల్లెల్లో బాస్టియన్ అనే ఉపదేశకుడి పేరుమీద 1634 నాటి పండుగల క్యాలెండరును చేత్తో రాసుకుంటూ తరం తర్వాత తరం దాచుకున్నారు. అవును, క్యాలెండరే. కన్నోన్ అనే బౌద్ధ దేవత బొమ్మలో మరియమ్మను చూసుకున్నారు. పలక తొక్కి ఇంటికొచ్చాక కొంచిరిసాన్ అనే పశ్చాత్తాప ప్రార్థన చదువుకునేవారు. మళ్ళీ ఏడు మళ్ళీ పలక, మళ్ళీ ప్రార్థన.

ఇది తెలిసిన రాత్రే నాయనకు ఫోన్ చేశాను. అంతా విని ఒకటే అడిగాడు. "తొక్కినోళ్ళను మళ్ళీ చేర్చుకున్నారా అమ్మా?"

చెప్పాను. 1865 మార్చి 17న, అప్పుడే కట్టిన ఓఉరా చర్చికి ఉరకామి పల్లెనుంచి ఒక పదిహేను మంది వచ్చారు. పెతిజాన్ అనే ఫ్రెంచి పాదిరీ దగ్గరికి ఒక స్త్రీ వెళ్ళి, తమ హృదయమూ ఆయన హృదయమూ ఒకటేనని మెల్లగా చెప్పింది. మరియమ్మ ఎక్కడని అడిగింది. ఏడు తరాలు పలక తొక్కిన వాళ్ళ బిడ్డలు వాళ్ళు. ఆయన వాళ్ళను బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. తర్వాత ఆ పల్లెవాళ్ళు దాక్కోవడం మానేశారు. దాంతో 3,400 మంది దాకా జనాన్ని దేశంలో నలుమూలలకూ తోలేశారు. ఆరు వందలమందికి పైగా అక్కడే చనిపోయారు. 1873లో నిషేధపు ప్రకటన బోర్డులు తీసేశాక మిగిలినవాళ్ళు ఇల్లు చేరారు. ఊరి పెద్ద వాకిట్లో తమచేత పలక తొక్కించిన స్థలాన్నే కొనుక్కుని, అక్కడే చర్చి కట్టుకున్నారు. ఉరకామి చర్చి అదే. 1945 ఆగస్టు 9న అణుబాంబుకు కూలింది. 1959లో మళ్ళీ లేచింది.

"ఆ చోటే కట్టుకున్నారా?" అన్నాడు నాయన. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్లో ఊపిరి మాత్రమే వినబడింది.

మా ఇళ్ళల్లో శాంతి అనే మాట తక్కువ. సమాధానం అంటాం. "దేవుని సమాధానం మీకు కలుగునుగాక" అంటారు పాస్టరుగారు. ఆ మాటకు జవాబు అనే అర్థం కూడా ఉందని నాకు ఆ రాత్రే తట్టింది. ముప్పై ఏళ్ళు లోపల పెట్టుకున్న ప్రశ్నకు మా నాయనకు జవాబు దొరికింది. ఉత్తర్వు మారలేదు. టీకొట్టు గ్లాసులు మారాయో లేదో నాకు తెలియదు. ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం నాయన లేచి బయటికి పోలేదనీ, రొట్టె తీసుకుని చాలాసేపు చేతిలో పట్టుకు కూర్చున్నాడనీ అమ్మ చెప్పింది.

మన సంఘాల్లో ప్రసంగాలు చేసే పెద్దలకు ఒక్క మనవి. "కాగితం మీద ఒకటి, మందిరంలో ఒకటి" అని చివరి వరసవాళ్ళను వేదికమీంచి ఎత్తిపొడవకండి. ఆ కాగితం వాళ్ళు రాసుకున్నది కాదు. వాళ్ళ దగ్గరికి మీరే నడిచి వెళ్ళి రొట్టె ఇవ్వండి.