వెంట వచ్చిన నీరు

అమెరికా చూచి వచ్చినవారు సాధారణంగా అక్కడి ఆకాశహర్మ్యాలను, వంతెనలను వర్ణిస్తారు. మేము మాత్రం మురుగునీటి ట్యాంకులను గురించి వ్రాస్తున్నాము. పాఠకులు మన్నింతురు గాక!

2018 ఏప్రిల్‌లో ఆర్జిత సెలవు పెట్టి, సతీసమేతంగా ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరానికి, మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. గ్రాండ్ కాన్యన్ చూపించడానికి మా అల్లుడు ఒక ట్రైలర్ ఇంటిని అద్దెకు తెచ్చాడు. పికప్ ట్రక్కు వెనుక తగిలించుకొని లాగే చిన్న ఇల్లు అది. పడకలు, వంటగది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే ఉన్నాయి. దాని అడుగున మూడు ట్యాంకులు: ముందు భాగంలో మంచినీటికి ఒకటి, వెనుక భాగంలో స్నానాలు, గిన్నెల నీటికి ఒకటి, మరుగుదొడ్డికి మరొకటి.

ఫీనిక్స్ నుండి దాదాపు 370 కిలోమీటర్లు ప్రయాణించి దక్షిణపు అంచుకు చేరుకున్నాము. అక్కడి ఎత్తు సుమారు 2,100 మీటర్లు. కొలరాడో నది కోసుకుపోయిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు చాలాచోట్ల మైలు పైమాటే. సూర్యాస్తమయ వేళ ఆ రాతిపొరల రంగులు చూస్తూ మా శ్రీమతి చాలాసేపు మాట్లాడలేదు. అది మా ఇంట అరుదైన విషయం.

ఇంజనీరుగా మమ్మల్ని ఆకర్షించినది మరొకటి ఉన్నది. అంత పెద్ద నది కింద పారుతున్నా, దక్షిణపు అంచున నివసించేవారు త్రాగే నీరు అందులోనిది కాదు. ఎదుటి అంచు కింద ఉన్న రోరింగ్ స్ప్రింగ్స్ అనే ఊటల నుండి, 1960ల దశకంలో వేసిన దాదాపు 20 కిలోమీటర్ల పైపులైను ద్వారా, లోయను దాటి వస్తుంది. అందుకే అక్కడ ప్రతి చుక్కకూ విలువ. మేము 150 లీటర్ల మంచినీటితో వెళ్ళి, మధ్యలో కొళాయి నుండి మరో 50 లీటర్లు డబ్బాలతో తెచ్చి పోసుకొని, మూడు రోజులు పొదుపుగా గడిపాము.

నాలుగవ రోజు ఉదయం బయలుదేరేటప్పుడు మురుగు ట్యాంకులు ఖాళీచేసే చోట బండ్లు బారులు తీరి ఉన్నాయి. మా అల్లుడు ఆగుదామన్నాడు.

"వచ్చేటప్పుడు 150 కిలోల నీరు తెచ్చాము గదా బాబూ, ఇప్పుడు 200. యాభై కిలోల తేడాకు గంటసేపు నిలబడడం దేనికి?" అన్నాము. ముప్పది ఏండ్ల అనుభవం మాటలాడింది. అతడు పెద్దలమాట కాదనలేకపోయాడు.

దక్షిణంగా పోయే 64వ నంబరు రోడ్డు చదునుగా, తిన్నగా ఉంటుంది. ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటిపోగానే ట్రైలర్ తోక ఊగడం మొదలుపెట్టింది. ఊపు తగ్గకపోగా పెరిగింది. ట్రక్కు వెనుకభాగాన్ని కూడ ఇటూ అటూ లాగుతున్నది. వెనుక సీటులో మనుమరాలు ఏడుపు లంకించుకున్నది. మా అల్లుడు ట్రక్కు బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీద కాలు వదలి, ట్రైలర్ చక్రాల బ్రేకులను మాత్రమే పట్టించే మీటను చేతితో నొక్కాడు. బండి సర్దుకున్నది. రోడ్డు ప్రక్కన ఆపాడు. ఎవరమూ మాట్లాడలేదు.

అక్కడే ఒక కాగితం ముక్క మీద లెక్క వేశాము. ఖాళీ ట్యాంకులతో ట్రైలర్ బరువు 2,300 కిలోలు. ముందు కొక్కెంపై పడే భారం 280. మంచినీటి ట్యాంకు ఇరుసుకు మీటరు ముందు, కొక్కెం అయిదు మీటర్ల ముందు ఉన్నాయి. కాబట్టి వెళ్ళేటప్పుడు 150 కిలోల నీరు కొక్కెంపై 30 కిలోలు కలిపింది: 310, అంటే మొత్తం బరువులో పన్నెండున్నర శాతం. తిరుగు ప్రయాణంలో అదే నీరు ఇరుసుకు ఒకటిన్నర మీటరు వెనుకకు చేరింది. 200 కిలోలు కొక్కెంపై భారాన్ని 60 తగ్గించాయి: 220, అంటే తొమ్మిది శాతం కన్న తక్కువ. పది నుండి పదిహేను శాతం ఉంటేనే బండి నిలకడగా నడుస్తుంది. మొత్తం బరువులో మార్పు 50 కిలోలే గాని, కొక్కెం వద్ద మార్పు 90 కిలోలు. మేము బరువు ఎంతో చూశామే గాని ఎక్కడున్నదో చూడలేదు. మొదటి సంవత్సరంలో చదివిన మీటసూత్రమే అది.

ఇంకా ముందు ఫ్లాగ్‌స్టాఫ్ నుండి కాంప్ వెర్డి వరకు 1,100 మీటర్లకు పైగా దిగాలి. కొన్నిచోట్ల ఆరు శాతం వాలు. ఈ స్థితిలో ఆ దిగుడు తలచుకొంటేనే వెన్ను చల్లబడింది. "తప్పు మాదే బాబూ" అన్నాము. "నేనూ గట్టిగా చెప్పవలసింది మామయ్యగారూ" అన్నాడు.

నెమ్మదిగా విలియమ్స్ ఊరు చేరి, రుసుము చెల్లించి ట్యాంకులు ఖాళీ చేశాము. మొదట మరుగుదొడ్డిది, తరువాత గిన్నెల నీటిది. అలా చేస్తే రెండవ నీరే గొట్టాన్ని కడుగుతుంది. ఈమారు చేతి తొడుగులు మేమే తొడుక్కున్నాము. అల్లుణ్ణి దగ్గరకు రానీయలేదు.

మా శ్రీమతి దూరం నుండి చూస్తూ, "ఆఫీసులో ఫైలు కూడ ఇలాగే తరువాత చూద్దామంటారా?" అని అడిగింది. సమాధానం చెప్పలేదు. మధ్యాహ్నం ఆ దిగుడు దిగుతున్నప్పుడు ట్రైలర్ మా వెనుక తిన్నగా వచ్చింది. మనుమరాలు నిద్రపోయింది.