అడుగున మిగిలే తీపి

హైదరాబాద్‌లో నా దోస్తులు మందును మెచ్చుకోవాలంటే ఒకటే మాట అంటారు: "స్మూత్‌గా ఉంది." అంటే గొంతులో దిగినట్టే తెలియలేదని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇచ్చోడలోని మా కిరాణా దుకాణం యాదికొస్తది.

బాపు రెండు రకాల బెల్లం అమ్మేవాడు. తెల్లది పండుగలకు, నల్లది అడిగినోళ్లకు. "బర్లకు పెడుతం సేటూ" అనేవాళ్లు. మా చుట్టుపక్కల అన్ని బర్లు ఎప్పుడూ లేవు. నల్లబెల్లం పక్కనే పటిక డబ్బా ఉండేది. పేపర్లో గుడుంబా వార్త వస్తే ఈ రెండు పేర్లూ జంటగానే వస్తాయి. నా కాలేజీ ఫీజులో ఆ గిరాకీ పైసలు కూడా ఉన్నాయి.

ఇచ్చోడ నుంచి ఇంద్రవెల్లి, ఉట్నూరు దిక్కు పోతే కథ వేరు. అక్కడ సారా అంటే ఇప్పపువ్వు. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున పూలు రాలుతాయి. ఆడవాళ్లు గంపలు పట్టుకొని చెట్ల కిందికి పోతారు. కండ ఉన్న పువ్వు. ఎండితే కిస్‌మిస్‌లా ముడుచుకుంటుంది, బరువులో సగం దాకా చక్కెరలే. దాన్ని నానబెట్టి, పులియబెట్టి, కాస్తారు. గోండుల పూజల్లో కొన్ని చుక్కలు ముందు దేవుళ్లకు, చనిపోయిన పెద్దలకు పడతాయి. తర్వాతే మనుషులకు.

అంత తియ్యటి పువ్వు నుంచి వచ్చిన సారాలో తీపి ఉండదు. పులిసేటప్పుడు చక్కెర చాలావరకు ఆల్కహాల్‌గా మారిపోతుంది. మిగిలింది ఆవిరితో పైకి ఎక్కలేదు, కుండ అడుగునే ఉండిపోతుంది. పువ్వు వాసన మాత్రం ఎక్కుతుంది. అందుకే ముక్కుకు తియ్యగా, నాలుకకు ఘాటుగా ఉంటుంది. ఆ ఘాటును మెత్తబరచడానికి కాసేవాళ్లకు తెలిసిన దారి ఓపిక: మంట తగ్గించడం, ముక్కుపుటాలు అదిరే మొదటి సారాను, పుల్లవాసన కొట్టే చివరి సారాను పక్కన పెట్టడం, మిగిలినదాన్ని కొన్నాళ్లు కదపకుండా ఉంచడం.

ఇంకో దారి తొందరది. గిలాసలో చక్కెర, లేదంటే కూల్‌డ్రింకు. గొంతులో మంట ఎందుకు పుడుతుందో తెలిస్తే ఇదేం చేస్తుందో అర్థమవుతుంది. వేడిని, మిరపకారాన్ని పసిగట్టే గ్రాహకం ఒకటి మన గొంతులో ఉంటుంది. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. ఆల్కహాల్ తగిలితే 34 దగ్గరే మేల్కొంటుంది. అంటే మన ఒంటి వేడే మనకు నిప్పులా తోస్తుంది. ఆ మంట ఒంటి హెచ్చరిక. తీపి నాలుకను మరిపిస్తుంది గానీ గిలాసలో ఉన్నదాన్ని మార్చదు. కల్తీసారాలో మిథనాల్ ఉంటే, ఎంత చక్కెర వేసినా అది మిథనాలే.

మా దుకాణంలో బస్తాలు మోసే కాక ఒకాయన ఉండేవాడు. గుడుంబాలో నారింజరంగు కూల్‌డ్రింకు పోసుకొని తాగేవాడు. "చేదుంటె ఒక్క గిలాసకే ఆగుదు బిడ్డా, గిది ఆగనిస్తలేదు" అన్నాడు ఒకసారి నవ్వుకుంట. నలభై దాటకముందే కాలేయం చెడి పోయాడు. దినాలు అయినంక ఆయన భార్య దుకాణానికొచ్చి, ఏమీ కొనకుండా, "నల్లది అమ్ముడు బందు జెయ్యి సేటూ" అని వెళ్లిపోయింది. బాపు మళ్లీ నల్లబెల్లం తేలేదు. గిరాకీ పక్క దుకాణానికి పోయింది.

అట్లాంటి ఆడవాళ్ల మాట ఒకప్పుడు ప్రభుత్వాన్నే కదిలించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలింది. లేబుల్ ఉన్న సీసా తిరిగొచ్చింది, సారా మాత్రం నేరంగానే ఉండిపోయింది. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించింది. అది సీసాలో ఎక్కి నగరానికి వస్తే, నా దోస్తులు దాన్నీ "స్మూత్" అనే అంటారేమో. అట్లా అనిపించుకోవడానికి అందులో ఏం తీసేస్తారో, ఏం కలుపుతారో అని నా గుబులు.

ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు కడుతున్నారు. పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు అరకిలో తెచ్చుకున్నాను. కుండ అడుగున మిగిలిపోయే ఆ తీపి అసలు ఎట్లా ఉంటుందో, అది తిన్నాకే నాకు తెలిసింది.