ఇంటి సంగతులు

ఇంటి సంగతులు మాట్లాడుకోవటం కాలక్షేపమనీ, దేశం సంగతులు మాట్లాడుకోవటం చర్చ అనీ మనలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నలుగురు మగవాళ్ళు కాఫీహోటల్లో కూర్చుని బడ్జెట్టు గురించి వాదించుకుంటే దాన్ని రాజకీయ చైతన్యం అంటాం. ఇద్దరు ఆడవాళ్ళు వంటింటి గుమ్మంలో కూర్చుని పాలఖర్చు గురించీ, పిల్లవాడి ఫీజు గురించీ మాట్లాడుకుంటే అవి ఊసుపోక చెప్పుకునే కబుర్లు. నిజానికి రెండు చోట్లా జరుగుతున్న విచారణ ఒకటే. రాబడి ఎంత, ఖర్చు ఎంత, ఎవరికి ఎంత దక్కుతుంది, ఎవరు సర్దుకోవాలి? తేడా ఉన్నదల్లా ఒక్క విషయంలో. హోటల్లో వాదించినవారి లెక్క తప్పినా దేశానికి వచ్చిన నష్టమేమీ లేదు. వంటింట్లో లెక్క తప్పితే మాత్రం ఆ పూట ఎవరో ఒకరికి విస్తట్లో తక్కువవుతుంది.

కాఫీ దగ్గర చెప్పుకునే ఇంటి సంగతుల గురించి రాయాలనుకోవటానికి కారణం ఇదే. కాఫీ అంటున్నాను గాని, తెలంగాణాలో చాలా ఇళ్ళలో ఆ స్థానం చాయ్‌ది. ఏదైనా ఒకటే. వచ్చిన మనిషి చేతిలో వేడి గ్లాసు పెడితే ఆ మనిషి పావుగంటసేపు లేవడు. ఆ పావుగంటలో “అంతా కులాసాయేనా?” అని అడుగుతాం. దానికి మొదట వచ్చే జవాబు ఎప్పుడూ “కులాసాయే” అనే. గ్లాసు సగం ఖాళీ అయ్యాక రెండో జవాబు మొదలవుతుంది. ముందుగా చెప్పుకోదగిన సంగతులు వస్తాయి. అమ్మాయికి సీటు వచ్చింది, అబ్బాయికి సంబంధం కుదిరింది, మేడమీద గది వేశాం. ఆ తరవాత చెప్పక తప్పనివి వస్తాయి. సీటుకు పొలం అమ్మారు, పెళ్ళికి నగలు తాకట్టు పెట్టారు, మేడమీద గదికి అద్దెకు ఎవరూ రాలేదు. ఒక కుటుంబం వర్గస్థితి ఏమిటో తెలుసుకోవాలంటే ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దూరాన్ని చూస్తే చాలునని నాకు అనిపిస్తుంది.

ఈ సంగతులపట్ల రెండు రకాల దృష్టి మనవాళ్ళలో కనబడుతుంది. ఇవన్నీ మధ్యతరగతి చిల్లర బాధలు, ప్రజాజీవితంతో వీటికి సంబంధం లేదు అనేది ఒకటి. పూర్వం మనుషులు ఇళ్ళకు వచ్చి కాఫీ తాగి కష్టసుఖాలు చెప్పుకునేవారు, ఇప్పుడు ఫోన్లు వచ్చి ఆ ఆత్మీయత పోయింది అని విచారించేది రెండోది. మొదటిది ఇంటిని సమాజం నుంచి వేరుచేస్తుంది. రెండోది ఇంటికి పూలదండ వేసి ఫొటో కడుతుంది. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ కష్టసుఖాలు చెప్పుకునేటప్పుడు కాఫీ కలిపిన మనిషి ఎక్కడ ఉంది?

మన ఆధునిక కథకు ఈ ప్రశ్న కొత్త కాదు. గురజాడ 1910లో రాసిన “దిద్దుబాటు” పూర్తిగా ఇంటి సంగతే. భర్త రాత్రిళ్ళు ఆలస్యంగా ఇల్లు చేరుతున్నాడు. భార్య కమలిని చదువుకున్నది, తెలివైనది. అయినా తాను చెప్పదలచింది ఎదురుగా కూర్చుని చెప్పదు. ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కుంటుంది. కథను మనం నవ్వుకుంటూ చదువుతాం, నవ్వుకోవలసిన కథే. కాని ఆ ఇంట్లో ఆవిడ మాట చెల్లటానికి ముందు ఆవిడ కనబడకుండా పోవలసివచ్చింది. తరవాత కొడవటిగంటి కుటుంబరావు మధ్యతరగతి కుటుంబాన్నే జీవితమంతా పరిశీలించాడు. విమల “వంటిల్లు” కవిత వచ్చేనాటికి గుమ్మం చాటున ఉన్న గొంతు బయటికే వినబడింది. సాహిత్యంలో ఈ మాత్రం దారి పడింది. ఇళ్ళలో ఎంతవరకు పడింది?

కిందటి వేసవిలో తెనాలిలో ఒక పాత స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. హైస్కూలు ఉపాధ్యాయుడుగా రిటైరైనవాడు. ఉపాధ్యాయుల పోరాటాల్లో ముందు నిలిచిన మనిషి. ముందుగదిలో ఇద్దరమూ కూర్చున్నాం. ఆయన భార్య రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి ఇచ్చి, “పంచదార సరిపోయిందా, అన్నయ్యగారూ?” అని అడిగి, నడవ తలుపు పట్టుకుని నిలబడింది.

బెంగుళూరులో వాళ్ళబ్బాయికి ఉద్యోగం పోయిందట. అక్కడ ఫ్లాటు కొనటానికి చేసిన అప్పు ఉంది. నెలనెలా వాయిదా కట్టాలి. నాలుగు నెలలుగా ఈయన తన పెన్షనులోంచి పంపుతున్నాడు.

“ఎంత పంపుతున్నావురా?” అన్నాను.

నా స్నేహితుడు తలుపువైపు చూశాడు. అంకె ఆవిడ చెప్పింది.

“మరి ఇల్లెట్లా గడుస్తున్నది?”

వాడు మళ్ళీ తలుపువైపే చూశాడు. మూడు పాకెట్ల పాలు రెండు చేశారు. కేబులు తీసేయించారు. పనిమనిషిని మాన్పించారు. ఇదంతా కూడా ఆవిడే, నిలబడే చెప్పింది.

ఇంతలో ఫోను మోగితే వాడు వీధి గేటుదాకా వెళ్ళాడు. “నువ్వూ కూర్చోమ్మా” అన్నాను. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, పళ్ళు బిగించి, మెల్లిగా కూర్చుంది. ఏమిటని అడిగితే మోకాళ్ళన్నది. సంక్రాంతికి ముందే డాక్టరు ఆపరేషను చేయించుకోమన్నాడట. పండగ వెళ్ళగానే అబ్బాయి ఉద్యోగం సంగతి తెలిసింది. ఆవిడ ఆపరేషను మాట ఎత్తలేదు. మాత్రలతో తగ్గిందని భర్తతో చెప్పింది.

“తగ్గిందా?”

“తగ్గితే ఇట్లా కూర్చుంటానా, అన్నయ్యగారూ?”

వాడు తిరిగివచ్చాడు. ఆవిడ లేవబోయింది. “కూర్చోమ్మా, ఆ సంగతేదో వాడితో కూడా చెప్పు” అన్నాను. కాసేపు ఊరుకుని చెప్పింది.

“నాతో అనలేదేం?” అన్నాడు వాడు.

“అంటే మీరేం చేసేవారు? వాయిదా మానేస్తారా?”

దానికి వాడి దగ్గర జవాబు లేదు. గ్లాసులు రెండూ తీసుకుని లోపలికి వెళ్ళాడు. దీనితో ఆ కాపురంలో విప్లవం వచ్చిందని నేను అనబోవటం లేదు. ఈ వ్యాసం రాసేనాటికి ఆపరేషను కూడా జరగలేదు. కాని ఆ పూట ఆ ఇంటి లెక్కలో అంతవరకు ఎక్కని ఖర్చు ఒకటి ఎక్కింది.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదని గమనించాలి. నా స్నేహితుడు భార్యను కష్టపెట్టే మనిషి కాదు. ఇంటి జమాఖర్చులు ఆవిడకు వదిలేశాడు, అది గౌరవమనే వాడి ఉద్దేశం. వచ్చిన చిక్కల్లా ఇదే. ఎక్కడో ఒక కంపెనీ తన లాభం నిలుపుకోవటానికి మనుషుల్ని తగ్గించుకున్నది. ఆ దెబ్బ కొడుకుమీద పడింది, కొడుకునుంచి తండ్రి పెన్షనుమీదికి వచ్చింది, పెన్షనునుంచి తల్లి మోకాళ్ళమీదికి దిగింది. అక్కడితోనైనా ఆగలేదు. పనిమనిషి జీతం పోయింది. ఆవిడ చేసే అంట్లూ, ఊడ్పూ ఆ మోకాళ్ళమీదే పడ్డాయి. బెంగుళూరులో తీసుకున్న నిర్ణయానికి తెనాలిలో ఇద్దరు ఆడవాళ్ళు చెల్లుబాటు చేస్తున్నారు. ఇది ఏ కంపెనీ జమాఖర్చుల్లోనూ ఉండదు. కాఫీ దగ్గర, అదీ అడిగితేనే, బయటపడుతుంది. ఇది చిల్లర బాధ అనేవారు రాజకీయార్థిక శాస్త్రం ఏ పుస్తకంలో చదువుకున్నారో తెలియదు.

ఆ పనిమనిషి విషయం కూడా చెప్పాలి. మన ఇళ్ళలో చాలాచోట్ల పనిమనిషికి కాఫీ ఇస్తారు. ఇచ్చే గ్లాసు వేరే ఉంటుంది. అది పెరటి గూట్లో బోర్లించి ఉంటుంది. ఊళ్ళలో కాఫీహోటళ్ళ దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టటాన్ని రెండు గ్లాసుల పద్ధతి అని మనం ఖండించాం, పోరాటాలు చేశాం. హోటళ్ళలో, దుకాణాలలో అంటరానితనం పాటించటాన్ని 1955 చట్టం నేరంగా ప్రకటించింది. పెరటి గూట్లో ఉన్న గ్లాసుమీద మాత్రం అంత చర్చ జరగలేదు. నాలుగిళ్ళలో పనిచేసే ఆ మనిషికి నాలుగిళ్ళ కష్టమూ తెలుసు. ఆమె ఇంటి సంగతి ఆ నాలుగిళ్ళలో ఒక్కరికైనా తెలుసునా? ఆమెను “అంతా కులాసాయేనా?” అని అడిగి, రెండో జవాబు వచ్చేదాకా ఎదురుగా కూర్చునేవారెవరు?

ఈ సందర్భంలో కాఫీకే సంబంధించిన ఒక చరిత్ర మనం గుర్తుచేసుకోవాలి. కాఫీ బోర్డు నడిపే ఇండియా కాఫీ హౌసులను 1950ల మధ్యలో మూసివెయ్యటం మొదలుపెట్టారు. కార్మికులు వీధిన పడ్డారు. అప్పుడు ఎ. కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఆ కార్మికులే సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. మొదటి సంఘం 1957లో బెంగుళూరులో ఏర్పడింది. అదే ఏడు ఢిల్లీలో, మరుసటి ఏడు త్రిశ్శూరులో సహకార కాఫీ హౌసులు తెరిచారు. కాఫీ హౌసు అంటే అక్కడ కూర్చుని వాదించిన కవుల్నీ, నాయకుల్నీ తలుచుకోవటం మనకు అలవాటు. నాకు మాత్రం అంతకంటె పెద్ద సంగతి మరొకటి కనిపిస్తుంది. అంతవరకు కప్పులు అందిస్తూ నిలబడ్డవాళ్ళు కుర్చీలు వేసుకుని, జమాఖర్చులు ముందు పెట్టుకుని, సంస్థను ఎట్లా నడపాలో తామే తేల్చుకున్నారు.

హోటల్లో సాధ్యమైనది ఇంట్లో ఎందుకు ఆలస్యమవుతున్నది? కుటుంబంలో భర్త బూర్జువా స్థానంలోనూ భార్య శ్రామికుడి స్థానంలోనూ ఉన్నారని ఎంగెల్స్ 1884లోనే చెప్పాడు. చట్టాలు ఎన్ని మారినా ఇంటిచాకిరీ స్త్రీని వదలలేదనీ, సామూహిక భోజనశాలలూ శిశుశాలలూ వస్తేగాని వదలదనీ లెనిన్ 1919లో రాశాడు. మన ఇళ్ళలోకి గ్యాసు పొయ్యి వచ్చింది, మిక్సీ వచ్చింది, బట్టలుతికే యంత్రం వచ్చింది. అయినా కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో తేలింది చూడండి. ఆరేళ్ళు, ఆపై వయస్సు గలవారిలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది. చేసేవారిలో కూడా స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు చేస్తే పురుషులు 97 నిమిషాలు చేస్తున్నారు. యంత్రాలు పనిని సులువు చేశాయి గాని, పంచలేదు. పంచవలసింది మనుషులు.

ఫోన్ల సంగతీ అంతే. అమెరికాలో ఉన్న పిల్లలతో ఇప్పుడు పొద్దున్నే మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. దీనివల్ల ఆత్మీయత పోయిందని నేననుకోను. కాని ఆ మాటలు జరిగేటప్పుడు చూడండి. తండ్రి కుర్చీలో కూర్చుని మాట్లాడతాడు. తల్లి ఫోనును పంచదార డబ్బాకు ఆనించి, పాలు పొంగకుండా చూసుకుంటూ మాట్లాడుతుంది. ఆవిడ జవాబు “కులాసాయే” దగ్గరే ఆగిపోతుంది. రెండో జవాబుకు తీరిక ఉండదు. తప్పు ఫోనుది కాదు.

కాబట్టి కాఫీ కబుర్లు మానెయ్యమనిగాని, వాటిని తలుచుకుని కన్నీరు పెట్టమనిగాని నేను చెప్పటం లేదు. వాటిని సభగా మార్చమంటున్నాను. సభ అన్న తరవాత అందరికీ కుర్చీ ఉండాలి. వినేవారు ఎక్కువమంది ఉండి చెప్పేవాడు ఒక్కడే ఉంటే అది సభ కాదు. మన సంఘాల సమావేశాలలో సైతం చర్చ రసకందాయంలో ఉండగా “కాస్త టీ సంగతి చూడండమ్మా” అని వచ్చిన ఒకరిద్దరు స్త్రీలను లేపటం మామూలుగానే జరుగుతుంటుంది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి తీర్మానం అయిపోతుంది. స్త్రీ విముక్తిమీద తీర్మానమే అయినా సరే.

ఈ పత్రిక చదివేవారిలో విద్యార్థులు చాలామంది ఉన్నారు. సెలవులకు ఇళ్ళకు వెళతారు. అమ్మ కాఫీ తెచ్చి ఇస్తుంది. ఒక పూట మీరే పొద్దున్నే లేచి ఫిల్టరులో పొడి వేసి, నీళ్ళు కాచి పొయ్యండి. డికాషను దిగటానికి సమయం పడుతుంది. ఆ ఆలస్యం ఎంతో మీకే తెలుస్తుంది. కలిపి తెచ్చి, అమ్మను కూర్చోమనండి. పనిచెయ్యటానికి వచ్చే మనిషి ఉంటే ఆమెకూ అదే గ్లాసులో ఇచ్చి కూర్చోమనండి. ఇంటి సంగతులు అడగండి. మొదటి జవాబు విని లేచిపోకండి. ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కర లేదు. వాళ్ళకు ఇల్లు ఉన్న ఊళ్ళోనే ఉంది.