రెండో సందు

కవిత రాయడం చేతగాక సైన్సు వ్యాసం రాద్దామని కూర్చున్నాను. అది కాస్తా మా నాయిన మీదికి పోయింది. మన్నించాలి.

కిందటేడు విభాగం సర్వర్లో పాత సావనీర్ల ఫొటోలు పెట్టే పని నా నెత్తిన పడింది. అవే ఫొటోలు రెండు ఫోల్డర్లలో కనబడాలి. రెండుచోట్లా కాపీ చేస్తే డిస్కు నిండుతుంది, ఒకచోట దిద్దింది రెండోచోట దిద్దుబడదు. దీనికి ఉపాయం సింబాలిక్ లింకు. 1983 నాటి 4.2 బి.ఎస్.డి.తో యూనిక్సులోకి వచ్చింది, లైనక్సులో నేటికీ అదే. 'ఎల్ఎన్ డాష్ ఎస్' అని కొట్టి అసలు ఫోల్డరు దారి, కొత్త పేరు ఇస్తే సరి. ఆ లింకులో ఒక్క ఫొటో కూడా ఉండదు. దారి రాసిన చీటీ ఉంటుంది, అంతే.

నేను దారిని పొట్టిగా రాశాను: రెండు చుక్కలు, అంటే ఒక మెట్టు పైకెక్కి పక్క ఫోల్డర్లోకి వెళ్లు అని. పనిచేసింది. మర్నాడు ఆ లింకును ఇంకో ఫోల్డరు లోపలికి జరిపాను. బొమ్మలు మాయం! అపాచీ '403, ఫర్బిడెన్' అంది. అనుమతి లేదంటోంది కదా అని అనుమతుల మీదే పడ్డాను. లింకుల వెంట వెళ్లనిచ్చే 'ఫాలో సిమ్‌లింక్స్' చూశాను, దారిలోని ప్రతి ఫోల్డరుకూ ప్రవేశ హక్కు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో రాత్రి రెండు దాకా కూర్చున్నా తెగలేదు.

తెల్లారితే ఆదివారం. ఫీజు డబ్బులు, బియ్యం మూట పట్టుకుని నాయిన వస్తున్నాడు. నా కాలేజీ, నా గది చూడాలని ఎన్నాళ్ల నుంచో ఆయన కోరిక. "దిగంగనె ఎడమ చెయ్యి పక్కకు నడువు, రెండో సందుల మూడో ఇల్లు" అని ఫోన్లో చెప్పాను. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో దిగుతాడు కదా అని నా లెక్క. ఆయనేమో మా ఊరి డి.సి.ఎం. దొరికిందని బస్సు మానేశాడు. అది ఎల్.బి.నగర్ చౌరస్తాలో దింపిపోయింది.

పదకొండు దాటినా రాలేదు. ఫోను స్విచ్చాఫ్. ఒంటిగంటకు ఎవరిదో నంబరు నుంచి ఫోన్.

"బిడ్డా, నువ్ జెప్పినట్టె నడిచిన. రెండో సందుల పాల దుకాణమున్నది గని నీ హాస్టల్ లేదు."

మెట్రోలో మూడో స్టేషనే ఎల్.బి.నగర్. దిగి చూస్తే టీకొట్టు దగ్గర మూట మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా తడిసి ముద్దయింది. నేను చెప్పిన దారిలో తప్పు లేదు, ఆయన నడకలోనూ లేదు. మొదలెట్టిన చోటు మారిందంతే. ఎవరూ తిట్టకుండానే సిగ్గేసింది.

"పా నాయినా, గది చూద్దువు" అన్నాను.

"యాడ బిడ్డా! పొద్దుగూకె యాల్లకు బర్రెను పిండాలె" అని, డబ్బులు నా చేతిలో పెట్టి అక్కడే నల్లగొండ బస్సెక్కాడు.

ఆ రాత్రి చుక్కలు తీసేసి, దారిని రూటు నుంచి పూర్తిగా రాశాను. బొమ్మలొచ్చాయి. గురి తప్పిన లింకుకూ, అనుమతి లేని లింకుకూ అపాచీ ఆ 403 ఒక్కటే చెబుతుందట. లాగు ఫైలు ముందే చదివుంటే తెలిసేది, కాని పరీక్షల్లో కూడా ప్రశ్న పూర్తిగా చదివే అలవాటు నాకు లేదు.

దసరాకు ఊరెళ్లినప్పుడు ఊరి నుంచి హాస్టలు గేటు దాకా పూర్తి దారి చీటీ మీద రాసిచ్చాను. నాయిన ఇంకా రాలేదు. మొన్న జూన్‌లో నేను హాస్టలు మారాను. చీటీ మాత్రం ఆయన జేబులోనే ఉంది.