నల్ల గేదె, తెల్ల గీత

లినోలియం మీద చెక్కడానికి గేదెను మించిన జంతువు లేదంటాను. పలకంతా సిరా పూస్తే అచ్చయ్యేది నలుపే కాబట్టి సగం గేదె ముందే వచ్చేసినట్టు. వీపు మీద ఎండ, కొమ్ముల మీది వలయాలు, ముట్టె మీద తడి, అంతమటుకు తవ్వితే చాలు. తెల్లావుతోనే అవస్థ. ఒళ్లంతా తవ్విపారేసి చుట్టూ సన్నగీత నిలబెట్టాలి. అది ఎక్కడ తెగినా ఆవు కాగితంలో కలిసిపోతుంది.

ఇంగ్లండులో థామస్ బ్యూయిక్ 1789లో చిల్లింగ్‌హామ్ తెల్ల ఎద్దును చెక్కినప్పుడు దాని వెనక చిక్కటి చెట్లు పెట్టాడు. తెలుపు నిలబడేది ఆ నలుపు దన్నుతోనే. పాపం, కొద్ది ప్రతులు తీశాక ఆ చెక్కదిమ్మ ఎండకు పగిలిందంటారు. మన నందలాల్ బోస్ 1930లో చేతికర్రతో నడిచే గాంధీని లినో మీద చెక్కింది కూడా నల్లటి నేల మీద తెల్లగీతలతోనే.

లినో అంటే అవిసెనూనె, కార్క్ పొడి కలిపి గోనె మీద పరిచిన సరుకు. చలికి బిగుసుకుంటుంది. కాసేపు ఎండలో పెడితే ఉలి మెత్తగా దిగుతుంది. అచ్చులో బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి. గేదెకు ఆ పట్టింపు లేదు గానీ పక్కన ఊరిపేరు రాద్దామనుకుంటే తంటా. సంతలో గేదెను బేరమాడేవాళ్లు సుడి చూస్తారు. చెక్కేవాళ్లూ నుదుటి సుడి దగ్గరే మొదలుపెట్టడం మంచిది. వెంట్రుక ఎటు వాలితే వి-ఉలి అటే నడవాలి: సుడి చుట్టూ తిరిగి, పక్కటెముకల మీద వెనక్కీ కిందికీ. మెడ ముడతల దగ్గర మాత్రం అడ్డంగా. వెంట్రుకకు ఎదురు నడిచిన గీత ఎంత సన్నగా ఉన్నా గీరుడులాగే కనబడుతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలని వేరే చెప్పాలా?

ఇక ప్రూఫ్. గాజుపలక మీద సిరా పరుస్తుంటే రోలర్ కింద సన్నగా బుస్సుమనాలి, పచపచలాడితే ఎక్కువైనట్టే. పల్చటి కాగితం కప్పి చెంచా వీపుతో గుండ్రంగా రుద్ది, ఒక మూల అదిమిపట్టి రెండో మూల ఎత్తి చూస్తాం. తవ్విన చోట మిగిలిన చిన్న గట్లు సిరా పట్టి నల్లటి పీచుల్లా పడతాయి. కొందరు వాటిని నున్నగా గోకేస్తారు. నాకవి ఇష్టం. కాళ్ల దగ్గర గడ్డిగానో చిందిన బురదగానో పనికొస్తాయి.

ప్రూఫ్‌తో వచ్చే చిక్కల్లా ఇంకాస్త తవ్వుదామనిపించడం. తవ్వింది మళ్లీ పూడదు. అందుకే ముందు ప్రూఫ్ మీదే తెల్లరంగు పెట్టి చూసుకోవాలి. బాగుంటేనే ఉలి పట్టాలి. కంటి మెరుపు మాత్రం నేను ఆఖరికే ఉంచుతాను, అదీ ఉలి మొనతో ఒక్క గిచ్చు. చుక్క పెద్దదైతే గేదె బెదిరినట్టుంటుంది. లారీ హారన్‌కి కూడా దారివ్వని గేదెకు బెదురుచూపు ఏం నప్పుతుంది?