నల్లగొండ నుండి పాలమూరు వఱకు: తమ్మునికి లేఖలు

నల్లగొండ, సోమవారము

 

పాఠ్యపుస్తకములు కూర్చుటకు విషయ మెఱిగిన పండితులు చాలరా, అందులకై ప్రత్యేకముగా స్నాతకోత్తర శిక్షణ మేల యని నీవు ప్రయాణమునాడు నన్నడిగితివి. ఎం.ఎడ్. విద్యార్థులను వెంటబెట్టుకొని ఈ మెట్టసీమలో తిరుగుచున్నప్పుడు దానికి తగిన సమాధానము కొంచెము కొంచెముగా దొరకుచున్నందున వ్రాయుచున్నాను.

1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాలందు వెలసి, మనవారందఱు డైట్ అని పిలుచు శిక్షణ సంస్థలకు ఏడు శాఖలను నిర్దేశించిరి. అందొకటి కేవలము పాఠ్యప్రణాళిక, బోధనసామగ్రి, మూల్యాంకనములకు సంబంధించినది. పాఠ్యప్రణాళిక రాజధానులందే పుట్టనక్కఱలేదు, జిల్లాలలో సైతము దాని నెఱిగినవా రుండవలెనన్న సదుద్దేశ మందున్నది. ఆ శాఖలో కూర్చుండువాడు ఏమి నేర్చి రావలె నన్నదే మా పర్యటనకు మూలప్రశ్న.

నిన్న పానగల్లునకు వెళ్లితిమి. ఛాయా సోమేశ్వరాలయపు గర్భగృహమున పగలెల్ల చెదరక నిలుచు నీడను చూచి, దీనిని కాంతిపాఠమునకు జోడింపవలెనని మా విద్యార్థు లుత్సహించిరి. జోడింపవచ్చును, కాని స్థానికత యనగా పాఠము చివర మన ఊరి వింతను చేర్చుటయే యని వారు తృప్తిపడుదురేమో యన్న శంక నాకు కలిగి, సంభాషణను ఈ జిల్లా నీటివైపు మరలించితిని.

ఇచ్చటి భూగర్భజలములందలి ఫ్లోరైడు సంగతి నీవెఱిగినదే. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. ఫ్లోరైడును తగ్గించుటకై పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టు పద్ధతిని నాగపూరులోని ‘నీరి’ సంస్థ రూపొందింపగా దానికి నల్లగొండ పేరే స్థిరపడినది. దీనిని రసాయనశాస్త్రమున ఏ తొమ్మిదవ తరగతిలోనో పెట్టుట సులభము. అయితే జ్ఞానదంతములు తప్ప శాశ్వతదంతముల పైపూత యంతయు దాదాపు ఎనిమిదవ యేటికే ఏర్పడును గనుక, పంటికి గార పట్టించు హాని ఆలోపలనే జరిగిపోవును. తొమ్మిదవ తరగతి పాఠము అప్పటికి పరీక్షకు మాత్రమే పనికివచ్చును. ఏ నీరు త్రాగవచ్చునో, ఏది త్రాగరాదో రసాయననామములతో పనిలేకయే ఒకటవ తరగతినుండి అలవాటుగా నేర్పవలెను. పటిక చేయు పనిని పిదప చెప్పవచ్చును. విషయ మెఱిగిన పండితుడు పటికను గూర్చి తప్పు లేకుండ వ్రాయగలడు. దాని నే వయస్సున చెప్పవలెనో నిర్ణయించుటకు వేఱొక విద్య కావలెను.

కల్వకుర్తి, బుధవారము

మల్లేపల్లి దాటినది మొదలు ఎఱ్ఱనేలలు, బండరాళ్ల గుట్టలు, పత్తిచేలు. బస్సులో మావారు పాఠ్యప్రణాళికాశాస్త్రపు పెద్ద లిరువురిని గూర్చి తర్కించుకొనిరి. రాల్ఫ్ టైలర్ 1949లో ప్రకటించిన చిన్న గ్రంథమున, పాఠశాల సాధింపవలసిన లక్ష్యము లేవి, తగిన అనుభవము లేవి, వాని నే క్రమమున కూర్పవలెను, ఫలితము నెట్లు తెలిసికొనవలెను అని నాలుగు ప్రశ్న లడిగెను. 1962లో హిల్డా టాబా, మొదట అవసరమును నిర్ధారించుకొని ఆపైననే లక్ష్యములకు పోవలెననియు, బోధించు ఉపాధ్యాయులే ఆ కూర్పునకు పూనుకొనవలెననియు వాదించెను. నల్లగొండ నీటిని చూచివచ్చిన మావారు టాబా పక్షము వహించుటలో ఆశ్చర్యము లేదు. 2014 నిబంధనలచే ఎం.ఎడ్. రెండేండ్ల చదువైనది, ఆ పెరిగిన కాలములో అధికభాగ మిట్టి అవసర నిర్ధారణకే వ్యయ మగుట మేలని నా తలంపు.

మహబూబ్‌నగర్, శనివారము

కృష్ణయు తుంగభద్రయు ప్రవహించు నేలయే యైనను, మెట్టకు నీరెక్కక తరతరములుగా వలసలకు పేరుపడిన సీమ పాలమూరు. గుంపు మేస్త్రీ ముందుగా సొమ్మిచ్చి కుటుంబములను దూరపు కాలువపనులకును కట్టడములకును తీసికొనిపోవుట ఇచ్చట అందఱెఱిగిన వ్యవహారము. ఎత్తిపోతల నీరందిన తావుల నది కొంత తగ్గినది. వలసపోవువారి బిడ్డలకై సీజనల్ హాస్టళ్లును నడచినవి. ఐనను ప్రణాళిక కూర్చువాని పని తీరలేదు.

ఒక పల్లె బడిలో మావారిచే సంవత్సరపు పట్టిక గీయించి, ఒక వరుసలో ఐదవ తరగతి గణితపాఠములను, దాని క్రింద హాజరుపట్టీ ననుసరించి పిల్లలు తగ్గు నెలలను వ్రాయించితిని. భిన్నములు చెప్పు నెలయు బిడ్డలు వెడలిపోవు నెలయు నొకటే యయ్యెను. తిరిగివచ్చువేళకు తరగతి దశాంశములలో నుండును. నడిమి మెట్లు విరిగిన నిచ్చెన నెక్కుమని వారిని నిర్బంధించినట్లే.

ఒకే భావమును మరల మరల, ప్రతిమారు మునుపటికంటె లోతుగా బోధింపవలెనని 1960లో జెరోమ్ బ్రూనర్ చెప్పిన సూత్రము మావారికి పట్టిక ముందు అక్కఱకు వచ్చినది. జొన్నరొట్టె పంచుకొనుటతో జూన్‌లో భిన్నములకు శ్రీకారము చుట్టి, శీతకాలమున కొలతలతో కొంత సాగించి, పిల్లలు మరలివచ్చిన పిదప మొదటినుండి ఇంకొకమారు చెప్పునట్లు కూర్చిరి. ఇన్నిమార్లు చెప్పుటకు కాలము చాలదు గనుక కొన్ని అధ్యాయములను కుదింపవలసివచ్చెను. ఏవి కుదింపవలె ననుటలో ప్రొద్దుగ్రుంకువఱకు వాదోపవాదములు జరిగినవి. 1993లో యశ్‌పాల్ సంఘము పాఠ్యభారమును తగ్గింపుమని చెప్పినను, తన శాస్త్రమునుండి ఒక్క పుట తీయుటకు ఏ పండితునికి మనసొప్పును? సకారణముగా విడిచిపెట్టుట, ఆ కారణమును ఉపాధ్యాయుల యెదుట నిలబడి చెప్పగలుగుట — స్నాతకోత్తర శిక్షణము ముఖ్యముగా నేర్పవలసిన దిదియే.

ఎం.ఎడ్.లో చేరుటకు నీకు నిజముగా అభిలాష యున్నచో, దరఖాస్తు వ్రాయుటకు ముందు మన ఊరి బడికి పోయి, పెద్దయ్యవారి అనుమతితో గడచిన యేటి హాజరుపట్టీని చూచి, ఏ నెలలలో ఎవరి పిల్లలు రాలేదో, ఆ నెలలలో ఏ పాఠములు నడచినవో నాకు వ్రాయుము. అమ్మకు నా నమస్కారములు.

నీ అన్న